శనివారాల్లో కూలికి చచ్చిన మనిషి

ఎల్డెన్ బ్రోబర్గ్ వారమంతా పందుల్ని చంపేవాడు. శనివారం మధ్యాహ్నం తను చచ్చేవాడు.

చావు ప్రతిసారీ ఒకేలా వచ్చేది కాదు. ఒకసారి బల్లెం పొట్టలో దిగి వెన్ను పక్కనుంచి మొన చూపించింది. ఒకసారి గుహ కప్పు మీంచి పచ్చటి బంకముద్ద ఊడి తలమీద పడింది. అరుద్దామని తెరిచిన నోరు అరుపు బయటికి రాకముందే కరిగిపోయింది. ఇంకోసారి తోడేళ్ళు ఒక్కో కాలూ ఒక్కో దిక్కుకి లాక్కుపోయాయి. అయినా సాయంత్రమయ్యేసరికి లేచి, తను తాగిన కాఫీ కప్పు కడిగి బోర్లించి, చెవుల మీదికి టోపీ లాక్కుని, మంచులో పాదాల గుర్తులు వదులుతూ ఇంటికి నడిచి వెళ్ళేవాడు.

ఇదంతా విస్కాన్సిన్‌లో, నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో, లొరేన్ పెకారెక్ ఇనపసామాన్ల కొట్టు మేడమీద జరిగేది. కింద మేకులు, గొలుసులు, మంచు ఎత్తే పారలు. పైన ఒక పాత పింగ్‌పాంగ్ బల్ల. బల్లకి ఒక చివర అట్టముక్క అడ్డంగా నిలబెట్టుకుని లొరేన్ కూర్చునేది. తడి గోడలనీ, కిందికి దిగే మెట్లనీ, మెట్ల అడుగున ఊపిరి తీస్తున్న చీకటినీ ఆమె మాటలతో చూపించేది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో కల్పిత మనిషి తరఫున మాట్లాడేవారు. నేను తలుపు తంతాను, నేను కత్తి దూస్తాను అని. తగిలిందో తప్పిందో పాచికలు చెప్పేవి. ఆట అంతే. ఆ అంతేలోనే ఒక చలికాలం మొత్తం పట్టేది.

ఎల్డెన్‌ని అక్కడికి తీసుకొచ్చింది డ్వైట్ హాగెన్. మాంసం ఫ్యాక్టరీలో ఇద్దరిదీ పక్కపక్క పని. డ్వైట్ పందికి కరెంటు షాకిచ్చి కాలికి గొలుసు తగిలిస్తాడు. తలకిందులుగా వేలాడుతూ అది ముందుకి రాగానే ఎల్డెన్ గొంతు కింద, ఎముక పక్కన, కత్తి దించుతాడు. వెచ్చటి నెత్తురు మోచేతి దాకా తడుపుతుంది. ఏళ్ళ తరబడి ఒకరు గొలుసు వేస్తే ఒకరు కోశారు. గొలుసు సరిగ్గా పడకపోతే పంది తన్నుతుంది, కత్తి కోసేవాడికే దిగుతుంది. డ్వైట్ గొలుసు ఎప్పుడూ జారలేదు.

ఎల్డెన్ భార్య జాయిస్ క్యాన్సర్‌తో పోయాక డ్వైట్ ఒక శనివారం వచ్చి వీధి తలుపు బాదాడు.

"లే ముసలోడా. టీవీ ముందు కూర్చుని కుళ్ళిపోతున్నావు. వాసన మా ఇంటిదాకా వస్తోంది."

"ఎక్కడికి?"

"చావడానికి. ఓవర్‌కోటు తగిలించుకో."

ఆ మొదటి రోజు లొరేన్ అడిగింది. "నువ్వెవరుగా ఆడతావు ఎల్డెన్? డ్వైట్ ఏమో గోర్వాత్ అని పెద్ద దొర, నల్లగుర్రమూ కోటా ఉన్నాయి. టెర్రీ మంత్రగత్తె. నీకేం కావాలి? రాజువా, సన్యాసివా?"

ఎల్డెన్ అడిగాడు. "వీళ్ళ సామాన్లు ఎవరు మోస్తారు?"

"కూలికి కుదుర్చుకుంటారు. దివిటీ పట్టేవాళ్ళనీ, బల్లెంగాళ్ళనీ."

"అయితే నేను వాణ్ణి."

స్కూలు బస్సు నడిపే టెర్రీ వొలాక్ పగలబడి నవ్వింది. "వారమంతా చాకిరీ చేసొచ్చి ఇక్కడ కూడా చాకిరీయేనా నీకు?"

"నాకు వచ్చిన పని అది" అన్నాడు ఎల్డెన్.

ఆ రోజు నుంచీ ప్రతి శనివారం ఆట బేరంతో మొదలయ్యేది. కొట్టులోంచి తెచ్చిన ఇనప వాషర్లే, మధ్యలో చిల్లున్న ఆ బిళ్ళలే, వాళ్ళకి బంగారు నాణేలు. గోర్వాత్ దొర సత్రంలోకి వస్తాడు. మూల బెంచీ మీద ఎల్డెన్ మనిషి కూర్చుని ఉంటాడు.

"ఏయ్, నువ్వు. దివిటీ పడతావా? ఒక నాణెం."

"పట్టుకోడానికి ఒకటి. పట్టుకుని ముందు నడవడానికి రెండు."

"రెండా! ఆ ధరకి గాడిదొస్తుంది."

"గాడిదని తెచ్చుకోండి దొరా. తలుపు అవతల ఏముందో అదే చూసొచ్చి చెప్తుంది."

టెర్రీ బల్ల గుద్దుతూ నవ్వేది. డ్వైట్ గొణుగుతూ రెండు వాషర్లు దొర్లించేవాడు. కూలి ముందే చేతిలో పడాలి. అది ఎల్డెన్ ఎప్పుడూ వదలని షరతు.

ఆ బల్ల దగ్గర ఇంకొక కట్టుబాటు ఉండేది. కూలి ముట్టినవాడి గుండె వాడి చేతిలో ఉండదు. నెత్తురు చిమ్మి, పక్కవాడు పడిపోయి, ఎదర నిలబడాలా పారిపోవాలా అన్న క్షణం వచ్చినప్పుడు లొరేన్ అట్ట వెనక నుంచి రెండు పాచికలు తీసి అందరి ముందూ వేసేది. పాచికలు నిలబడమంటే నిలబడతాడు. పారిపొమ్మంటే దివిటీ పారేసి పరిగెడతాడు. దొరలకీ మంత్రగత్తెలకీ ఇది లేదు. వాళ్ళ గుండె వాళ్ళదే.

ఒకసారి టెర్రీ అడిగింది. "మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా పాచికలెందుకు లొరేన్? ఉంటావా పోతావా అని వాణ్ణే అడగొచ్చుగా."

జవాబు ఎల్డెనే చెప్పాడు. "డబ్బు తీసుకున్నాక నా ఇష్టమేముంది? వెయ్యి లొరేన్."

తన మనుషులకి ఎల్డెన్ పేర్లు పెట్టేవాడు కాదు. సాయంత్రానికి ఉండనివాడికి పేరెందుకని. ఒక్కడు మాత్రం చావలేదు. తేలు తోక వాడి పక్కనుంచి పోయింది. మంట వాడి చెవి ఒకటి మాడ్చి వదిలేసింది. పాచికలు ప్రతిసారీ వాణ్ణి నిలబెట్టాయి. చివరికి లొరేనే అంది, "ఇంకా పేరు పెట్టకపోతే వాడికి కోపం వస్తుంది" అని. ఎల్డెన్ కిటికీలోంచి గడ్డకట్టిన నదిని చూస్తూ, "పెల్" అన్నాడు. ఎందుకు ఆ పేరో చెప్పలేదు.

పెల్ బతికున్న ఏడాదే ఫ్యాక్టరీ వాళ్ళు జీతాలు కోసేశారు. ఆకులు రాలే కాలంలో సమ్మె మొదలైంది. గేటు ముందు నూనె పీపాల్లో కర్రలు మండించి, వాటి చుట్టూ మనుషులు చేతులు చాపి నిలబడ్డారు. మొదట్లో పాటలు పాడారు. మంచు పడ్డాక పాటలు ఆగిపోయాయి. కంపెనీ బయటి ఊళ్ళ నుంచి పనివాళ్ళని, వాళ్ళకి కాపలాగా లాఠీల కిరాయి మనుషుల్ని దింపింది. కిటికీలకి ఇనపజాలీ వేసిన బస్సు తెల్లారగానే గేటులోంచి లోపలికి పోయేది. దాని మీద పడే రాళ్ళ చప్పుడుకి నది అవతల కుక్కలు మొరిగేవి.

క్రిస్మస్ వెళ్ళిన తర్వాత ఒక పొద్దున, ఆ బస్సు వెనకే ఒక నీలం కారు వచ్చింది. అది డ్వైట్ కారు. సమ్మెలో ఉన్నవాడు పనికి వస్తున్నాడు.

ఎల్డెన్ దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. అద్దం వెనక డ్వైట్ మొహం కనిపించింది. నీళ్ళలో మునిగిన మొహంలా తెల్లగా, దూరంగా ఉంది. ఎవరో ఇటుక విసిరారు. అద్దం సాలెగూడై, ఆపైన వానై లోపలికి రాలింది. డ్వైట్ చెంప చీలింది. నెత్తురు గడ్డం మీంచి కాలరులోకి కారుతున్నా అతను బ్రేకు వెయ్యలేదు. లాఠీలు దిగాయి. ఎల్డెన్ మొదట మోకాళ్ళ మీద పడ్డాడు. మంచులో ఆనించిన ఎడమ చేతిని ఒక బూటు తొక్కిపట్టింది, లాఠీ దానిమీద పడింది. పుల్లలు విరిగినట్టు వేళ్ళు విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. పక్కవాడి పళ్ళు మంచు మీద ఎర్రగా పడ్డాయి. వాళ్ళు పడిన సందులోంచి నీలం కారు మెల్లగా, చాలా మెల్లగా, అతని భుజాన్ని రాసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఊళ్ళో డ్వైట్‌తో ఎవరూ మాట్లాడలేదు. చర్చిలో అతని బెంచీ ఖాళీ అయిపోయింది. అతని కుక్కకి ఎవరో విషం పెట్టారు. ఎల్డెన్ పెట్టలేదు, కానీ విన్నప్పుడు పాపం అని కూడా అనలేదు. రాత్రంతా విరిగిన వేళ్ళు సలుపుతుంటే అతని కళ్ళముందు డ్వైట్ మొహం మీద తను గుద్దే గుద్దులే తిరిగేవి. గుద్దీ గుద్దీ అలసిపోయాక, ఆ మనిషి లేకపోతే తనకి ఈ ఊళ్ళో తలుపు కొట్టేవాడే లేడని గుర్తొచ్చేది. డ్వైట్‌ని పోగొట్టుకోవడం ఒక బాధ. పోగొట్టుకోకపోవడం అంతకంటే పెద్ద సిగ్గు. రెంటి మధ్యా ఆ పింగ్‌పాంగ్ బల్ల ఒక్కటే మిగిలింది.

శనివారానికి ముందే లొరేన్ ఇద్దరికీ ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది. "గేటు గొడవ గేటు దగ్గరే. అది నా మెట్లెక్కిందా, తలుపు ఇద్దరికీ మూసేస్తా. ఒక్కరికి కాదు, ఇద్దరికీ. మళ్ళీ తియ్యను."

ఇద్దరూ వచ్చారు. డ్వైట్ చెంప మీద కుట్లు నల్లచీమల బారులా ఉన్నాయి. ఎల్డెన్ ఎడమ చెయ్యి కట్టుతో పెద్ద రొట్టెంత లావుగా ఉంది. టెర్రీ జున్నుముక్కల ప్లేటు ఇద్దరి మధ్యా పెట్టి, "తినండి. ఇవి ఎవరి పక్షమూ కాదు" అంది. ఎవరూ నవ్వలేదు.

లొరేన్ మొదలుపెట్టింది. సత్రం, మూల బెంచీ, కాలిన చెవితో పెల్.

డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. "పెల్‌ని కుదుర్చుకుంటాను." తన ముందున్న వాషర్ల కుప్ప మొత్తాన్ని రెండు చేతులతో బల్ల మీదుగా తోశాడు. ఇనుము గలగలమంది. "ఇదంతా వాడికే. దొరికే సొత్తులో సగం వాటా కూడా. కావాలంటే నది పక్క బురుజు కూడా రాసిస్తాను."

 ఎల్డెన్ కుప్ప వైపు చూశాడు. కుడిచేత్తో అందులోంచి రెండు వాషర్లు తీసుకున్నాడు. మిగతావి మోచేత్తో వెనక్కి తోసేశాడు.

"ముందు నడవడానికి రెండు. ఎప్పుడూ ఇచ్చేదే."

"తీసుకోరా. నేనిస్తున్నాగా."

"రెండు చాలు దొరా."

డ్వైట్ మిగతా కుప్పని తన వైపు లాక్కున్నాడు. ఆట సాగింది.

గుహ ఆ రోజు నోరు తెరుచుకునే ఉంది. ముందు పెల్ దివిటీతో, వెనక గోర్వాత్, ఆ వెనక మంత్రగత్తె. గోడల మీంచి తడి కారుతోంది. రెండో మలుపులో గుహరాక్షసులు మీద పడ్డారు. తాటిదుంగల్లాంటి చేతులు, పాతమాంసం కంపు. టెర్రీ మంత్రగత్తె మంట విసిరి ఒకణ్ణి నిలువునా కాల్చింది. రెండోవాడి గద ఆమె భుజాన్ని పిండి చేసింది. ఆమె గోడకి జారి, నెత్తురు కక్కి, ఊరుకుంది.

"చచ్చానా?" అంది టెర్రీ.

"ఇంకా లేదు. ఊపిరి ఉంది, స్పృహ లేదు" అంది లొరేన్.

గోర్వాత్ ఒకడి మోకాలు నరికాడు. వాడు పడుతూ దొర కాలు పట్టి లాగాడు. గద దిగింది. డొప్పలా శిరస్త్రాణం నలిగింది. పాచికలు మళ్ళీ దొర్లాయి, గద మళ్ళీ దిగింది. దొర పక్కటెముకలు లోపలికి విరిగి ఊపిరితిత్తిలో గుచ్చుకున్నాయి. నురగ నెత్తురు నోటి మూలల్లో. కత్తి ఎటో పోయింది.

"కింద పడ్డావు, లేవలేవు" అంది లొరేన్ డ్వైట్‌తో. ఆమె గొంతు తగ్గింది. "ఇద్దరు మిగిలారు. వాళ్ళు నీ వైపే వస్తున్నారు. మధ్యలో పెల్ ఒక్కడే, దివిటీ, నడుం దగ్గర చిన్నకత్తి. వాడి వెనక దారి ఖాళీగా ఉంది."

ఆమె రెండు పాచికలు చేతిలోకి తీసుకుంది.

"వెయ్యకు" అన్నాడు డ్వైట్. అతను బల్లకేసి చూస్తున్నాడు. "వాణ్ణి పోనీ. పాచికలక్కర్లేదు. పొమ్మని దొరే చెప్తున్నాడనుకో."

"దొర నోట్లో నెత్తురు. మాట రాదు" అంది లొరేన్.

"అయినా పోనీ లొరేన్. పోతే తప్పేం లేదు. నేను... గోర్వాత్ తప్పు పట్టడు."

కింద కొట్టులో ఎవరో తలుపు తీసినట్టు గంట మోగి ఆగింది. లొరేన్ పిడికిలి పైకెత్తింది. లోపల పాచికలు పళ్ళలా కటకటలాడాయి.

"ఆగు" అన్నాడు ఎల్డెన్.

తన ముందున్న రెండు వాషర్లని వేలితో బల్ల మీదుగా నెట్టాడు. అవి మెల్లగా జారి డ్వైట్ మణికట్టుకి తగిలి ఆగాయి.

"పెల్ కూలి తిరిగిచ్చేశాడు."

"ఇప్పుడా?" అంది టెర్రీ.

"ఇప్పుడే. గదల కింద నిలబడి ఇస్తున్నాడు. నాణేలు దొర ఛాతీ మీద పడేశాడు. వాడిప్పుడు ఎవరి మనిషీ కాదు. వాడి మీద పాచికలు చెల్లవు."

లొరేన్ పిడికిలి దించింది. పాచికలు అట్ట వెనక పెట్టేసింది. "సరే, చెల్లవు. వాడేం చేస్తాడు?"

 ఇన్ని శనివారాల్లో ఆ ప్రశ్న అతన్నెవరూ అడగలేదు. డ్వైట్ తల ఎత్తాడు. నీలం కారు అద్దం వెనక కనిపించిన మొహం అదే, ఈసారి మధ్యలో అద్దం లేదు. చిన్నకత్తి పెల్ చేతిలో ఉంది. దొర గొంతు చేతికందే దూరంలో అడ్డేమీ లేకుండా ఉంది. ఎక్కడ దించాలో, ఎంత లోతు దించాలో ఎల్డెన్‌కి తెలిసినట్టు ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ సంగతి బల్ల చుట్టూ అందరికీ తెలుసు. డ్వైట్‌కి అందరికంటే బాగా తెలుసు. అతను కదల్లేదు.

"దివిటీ మొదటివాడి కళ్ళలో పొడుస్తాడు" అన్నాడు ఎల్డెన్.

పాచికలు దొర్లాయి. కళ్ళు చిటపటమని పేలాయి. రాక్షసుడు అరుస్తూ గుడ్డిగా గద తిప్పాడు. అది పెల్ ఎడమ చేతిని మోచేతి కింద నలిపేసింది. ఎల్డెన్ కట్టు కట్టిన చేతిని బల్ల మీంచి ఒళ్ళోకి లాక్కున్నాడు.

"కిందికి దూరతాడు. వాడి కాళ్ళ మధ్య నుంచి. లేస్తూ గొంతు కింద, ఎముక పక్కన. లోపలికి, పైకి, ఆ తర్వాత పక్కకి." అతని గొంతులో ఎత్తూ పల్లం లేవు, ఫ్యాక్టరీలో కొత్తవాడికి పని నేర్పుతున్నట్టుంది. "లాగేశాక పక్కకి తప్పుకోవాలి. బరువు మీద పడుతుంది."

వేడినెత్తురు గుహ నిండా చిమ్మింది. కొండలాంటి ఒళ్ళు కూలింది. మిగిలినవాడు అరిచాడు. వాడి గద పెల్ తుంటిని విరగ్గొట్టింది. పెల్ పడ్డాడు. పడి, వాడి మడమ నరం కోశాడు. వాడూ పడ్డాడు. ఇద్దరూ నేల మీద ఒకరినొకరు కావిలించుకుని, ఒకరు కరుస్తూ ఒకరు పొడుస్తూ, ఎవరి నెత్తురో తెలియకుండా దొర్లారు. లొరేన్ చెప్తోంది, పాచికలు పడుతున్నాయి, ఎల్డెన్ మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ అంటున్నాడు. చివరికి రాక్షసుడి బొటనవేళ్ళు పెల్ మెడలో దిగబడ్డాయి. పెల్ కత్తి వాడి పక్కటెముకల మధ్య పిడిదాకా దిగింది. రెండు ఊపిరులూ ఒకేసారి ఆగాయి.

 బయట మంచు మొదలైంది. కిటికీ నిండా తెల్లటి నిశ్శబ్దం పేరుకుంటోంది.

"దొర బతికాడు. మంత్రగత్తె కూడా" అంది లొరేన్.

డ్వైట్ రెండు వాషర్లూ చేతిలోకి తీసుకున్నాడు. వాటితోపాటు ఇంకొన్ని.  "పెల్‌ని పూడ్చే ఖర్చు... వాడి వాళ్ళకి ఏదైనా..."

"వద్దు" అన్నాడు ఎల్డెన్. "వాడు నీ మనిషి కాదుగా. నువ్వు ఇవ్వాల్సిందేం లేదు."

"ఏదో ఒకటి తీసుకోరా!" డ్వైట్ గొంతు చీలిపోయింది. వాషర్లని గోడకేసి కొట్టాడు. అవి మెట్ల మీంచి దొర్లుకుంటూ కొట్టులోకి పోయాయి. "కొట్టు. కొట్టవేంరా? అదే నయం. నా కొడుకు ఆసుపత్రి బిల్లు చూశావా నువ్వు? చూశావా?"

"డ్వైట్" అంది లొరేన్. ఆమె తలుపుకేసి చూసింది.

డ్వైట్ కూడా అటు చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు. కుట్లలో ఒకటి తెగి సన్నటి ఎర్రటి గీత గడ్డం దాకా జారింది. టెర్రీ కాగితపు రుమాలు అందించింది. గేటు గొడవ మెట్లదాకా వచ్చి, గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా ఆగింది.

తర్వాతి శనివారం డ్వైట్ వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చాడు. ఫ్యాక్టరీకీ వెళ్తూనే ఉన్నాడు. ఎల్డెన్ పీపా మంట దగ్గర నిలబడుతూనే ఉన్నాడు. పొద్దున నీలం కారు పక్కనుంచి పోతే ఎల్డెన్ మంచులో ఉమ్మేవాడు, ప్రతి పొద్దునా.

లొరేన్ సత్రం చెప్పింది. మూల బెంచీ మీద ఎల్డెన్ కొత్తమనిషి, ఎప్పటిలా పేరు లేనివాడు. డ్వైట్ మెల్లగా రెండు వాషర్లు ముందుకి జరిపాడు.

"ముందు నడవడానికి."

ఎల్డెన్ వాటిని ముట్టుకోలేదు. టెర్రీ వైపు తిరిగాడు. "మంత్రగత్తెగారూ, మీకు దివిటీ పట్టేవాడు కావాలా? రెండు నాణేలు, ముందే."

టెర్రీ తెల్లబోయి లొరేన్‌ని చూసింది, ఆ తర్వాత డ్వైట్‌ని. "కావాలి" అంది చివరికి.

"నా డబ్బుకేమైంది?" అన్నాడు డ్వైట్. అరవలేదు. నిజంగానే అడిగాడు.

ఎల్డెన్ టెర్రీ వాషర్లు జేబులో వేసుకున్నాడు. విరిగిన వేళ్ళు ఇంకా ముడుచుకోవడం లేదు.

"నీ కూలి తీసుకుంటే నీ పక్కన నిలబడాలో వద్దో పాచికలు చెప్తాయి" అన్నాడు. "అది నేను చెప్తాను. ఆ మాట పాచికలకి వదలను."

 డ్వైట్ తన రెండు వాషర్లూ వెనక్కి లాక్కున్నాడు. లొరేన్ అట్ట సర్దుకుని, తడిసిన గోడల గురించి, కిందికి దిగే మెట్ల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం ఎల్డెన్ మనిషి రెండో గదిలో, మంత్రగత్తె కోసం, గొడ్డలి కింద తల రెండు చెక్కలై చచ్చిపోయాడు.